దిగిపోదామన్న మాట

సోమవారం పొద్దున ఏడు కాకముందే డ్వేన్ హాస్కెట్ చంకలో అట్ట ఫైలు పెట్టుకుని పెర్ల్ హోటల్లోకి వచ్చాడు. కిటికీ పక్క బల్ల దగ్గర మెర్విన్ బీల్, నడీన్ కాస్ అప్పటికే కూచుని ఉన్నారు. టాల్‌మన్ స్టేట్ కాలేజీ స్టేడియంలో డి బ్లాకులో పక్కపక్క సీట్లు వాళ్ళ ముగ్గురివీ. శనివారం ఫుట్‌బాల్ ఆట చూడడం, సోమవారం ఈ బల్ల దగ్గర కూచుని ఆ ఆటని మొదట్నుంచీ మళ్ళీ ఆడడం ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళకి అలవాటు.

ఆ సోమవారం మాత్రం ఆట ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆట లూసియానాలో జరిగింది. యాభై తొమ్మిదీ మూడూ. ఆ మూడు కూడా అవతలివాళ్ళు తమ మంచి ఆటగాళ్ళందరినీ బయట కూచోబెట్టాక వచ్చినవే.

డ్వేన్ ఫైలు విప్పి కాఫీ కప్పుల మధ్య పరిచాడు. పైన పెద్దక్షరాల్లో రెండు వాక్యాలు టైపు చేసి ఉన్నాయి. టాల్‌మన్ స్టేట్ గల్ఫ్ ప్లెయిన్స్ కాన్ఫరెన్స్‌లోనే ఉండాలి. వెనక్కి వెళ్ళే ఆలోచన కాలేజీ మానుకోవాలి. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీలాడుకునే కాలేజీల కూటమి. కింద సంతకాలకి గీతలు. ఇలాంటి కాగితాలే ఊళ్ళో దుకాణాలన్నిటిలోనూ పెట్టించాడు. గురువారం సాయంత్రం పాత జిమ్ హాల్లో కాలేజీ ప్రెసిడెంటు ఇన్‌గ్రమ్ గారు ఊరివాళ్ళ అభిప్రాయం అడుగుతారు. శుక్రవారం బోర్డు తేలుస్తుంది. టెక్సస్‌లోనూ లూసియానాలోనూ ఉన్న పెద్ద పెద్ద యూనివర్సిటీలతో ఇలాగే ఆడుతూ ఉండాలా, లేక పద్నాలుగేళ్ళ కిందట వదిలేసి వచ్చిన బ్లాక్‌జాక్ కాన్ఫరెన్స్‌లోకి, చుట్టుపక్కల చిన్న కాలేజీల మధ్యకి, తిరిగి వెళ్ళాలా అన్నది.

డ్వేన్ మాత్రం తిరిగి వెళ్ళడం అనడు. దిగిపోవడం అంటాడు. అనేటప్పుడు మెట్లమీంచి జారిన మనిషిలా అరచేత్తో గాలిని కిందికి కోస్తాడు.

కౌంటరు దగ్గర గుడ్లు తింటున్న ఒక రైతు, వెనక్కి తిరక్కుండానే, బ్లాక్‌జాక్‌లో ఉన్నప్పుడు రెండేళ్ళకోసారి కప్పు గెలిచేవాళ్ళం కదా అన్నాడు.

"ఆ కప్పులో పోస్తే కాఫీ కూడా పట్టదు," అన్నాడు డ్వేన్.

హోటలంతా నవ్వింది. ఇప్పుడు మన పేరు టీవీలో వస్తోంది, మీది ఏ ఊరని డాలస్‌లో అడిగితే చెప్పుకోడానికి ఉంది అన్నాడు. రైతు కాసేపు నమిలి, టీవీలో వస్తోంది నిజమే, అవతలివాళ్ళ పేరు కింద వస్తోంది అన్నాడు. ఇంకెవరో, ఒకసారి ఎక్కినవాడు దిగితే జనం నవ్వరా అన్నారు. ఇంకొకరు, ఇప్పుడేమన్నా ఏడుస్తున్నారా, ఇప్పుడూ నవ్వుతూనే ఉన్నారు అన్నారు. హోటలు నడిపే పెర్ల్ కాఫీ జగ్గు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, వాదించుకునేవాళ్ళు కనీసం టోస్ట్ అయినా తీసుకోవాలని గుర్తు చేసింది.

మెర్విన్ నలభై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడు. ఏ వాదన వచ్చినా జేబులోంచి అంకెలు తీసేవాడు. ఆవేళ అతను ఏమీ తియ్యలేదు. డ్వేన్ కలం అందించగానే తీసుకుని, కాగితం మీద ఏం రాసుందో చూడకుండా సంతకం పెట్టి, కలానికి మూత బిగించి నడీన్ ముందు పెట్టాడు. పూల దుకాణం నడిపే నడీన్‌కి అందమైన చేతిరాత. ఆవిడ తన పేరు నింపాదిగా రాసి, కిటికీలోంచి జొన్న లారీ ఒకటి మలుపు తిరగడం పూర్తిగా చూసి, అప్పుడు కాగితం తిప్పి ఇచ్చింది.

"నీకోసం," అంది.

నాకోసం కాదు, ఊరికోసం అన్నాడు డ్వేన్. ఆవిడ సరేనన్నట్టు తలూపి కాఫీ కలుపుకుంది.

పది గంటలకి డ్వేన్ కాలేజీలో, జిమ్ కింద ఉన్న సామాను గదికి వెళ్ళాడు. అక్కడ వెల్డా ప్రూయిట్ ఉంటుంది. కాలేజీ జట్లన్నిటి బట్టలూ ఉతికేది, కుట్టేది, సంచులు సర్దేది ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో వెల్డా చేతి మీదుగా పోని చొక్కా లేదు. ఆమె సంతకం ఉంటే కాలేజీ లోపలి మనిషి సంతకం ఉన్నట్టు.

వెల్డా శనివారం నాటి చొక్కాలు బల్లమీద వరసగా పరిచి చూస్తోంది. మట్టి మరకకి పసుపు సబ్బు, గడ్డి మరకకి ఇంకో మందు, రక్తం అయితే చల్లనీళ్ళు. రక్తాన్ని వేణ్ణీళ్ళల్లో వేస్తే ఇంక పోదు. ప్రతి చొక్కానీ వెలుతురుకి ఎత్తి, వేళ్ళతో కుట్ల వెంట తడుముకుంటూ పోయి, విడిన చోట గుండుసూది గుచ్చుతోంది. ఒక చొక్కా మెడ దగ్గర్నుంచి నడుం దాకా కత్తెరతో నిలువునా కోసి ఉంది. దెబ్బ తగిలిన పిల్లవాడి ఒంటిమీంచి డాక్టర్లు తియ్యడానికి అలా కోస్తారు. దాన్ని మడిచి పక్కన పెట్టింది. ఆ పక్కన అలాంటివే మరో రెండున్నాయి.

డ్వేన్ ఫైలు అందించాడు. వెల్డా కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని మొత్తం చదివింది, సంతకాలతో సహా.

"నేను పెట్టను, డ్వేన్," అంది.

సంతకం అడిగితే అతన్ని కాదన్న మొదటి మనిషి ఆవిడ. ఎందుకని అడిగాడు. వెల్డా చొక్కా తిరగేసుకుంటూ, తనకి ఉపన్యాసాలు చెప్పడం రాదని చెప్పింది. రేపు పొద్దున ఆరింటికి వాలీబాల్ అమ్మాయిలు టెక్సస్ వెళ్తున్నారు, రెండు వ్యాన్లు, ఒకటి కోచ్ తోలుతుంది, రెండోది తను తోలాలి, పది గంటల దారి కాబట్టి మార్చి తోలడానికి ఇంకో మనిషి ఉండాలని కాలేజీ నియమం, ఆ మనిషి మోకాలికి నిన్ననే ఆపరేషన్ అయింది అని చెప్పింది. ఏటా బ్యాండు మేళం వాళ్ళ వ్యాను తోలతాడు కాబట్టి కాలేజీ డ్రైవర్ల జాబితాలో డ్వేన్ పేరుంది.

"వస్తావా? దార్లో పది గంటలు నన్ను ఒప్పించుకోవచ్చు."

డ్వేన్ ఒప్పుకున్నాడు. పది గంటలు చాలవా అనుకున్నాడు.

మంగళవారం పొద్దున మంచు పట్టిన వ్యాను చుట్టూ వెల్డా ఒకసారి నడిచి, టైర్లు కాలితో తన్ని, వెనక తలుపు దగ్గర సంచులు ఒక పద్ధతిలో పేర్చింది. బంతుల సంచి అడుగున, మోకాలి పట్టీల పెట్టె దానిమీద, అన్నిటికన్నా పైన ఐస్ పెట్టె. ఆరుగురు అమ్మాయిలు దిళ్ళూ పుస్తకాలూ కావలించుకుని ఎక్కి, వ్యాను ఊరు దాటేలోపే నిద్రలోకి జారిపోయారు. డ్వేన్ మొదటి గంటలో గొంతు తగ్గించి తన వాదన మొదలుపెట్టాడు. కాలేజీ పేరు, టీవీ, చదువుకోడానికి దూరాల నుంచి వచ్చే పిల్లలు. వెల్డా అద్దాల్లో వెనక చూసుకుంటూ అన్నిటికీ ఊ కొట్టింది. ఊ కొట్టే మనిషితో వాదించడం కష్టం. మిస్సోరీ దాటి ఆర్కాన్సాలోకి వచ్చేసరికి అతని దగ్గర చెప్పాల్సినవి అయిపోయాయి.

పన్నెండింటికి రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆపారు. వెల్డా ఐస్ పెట్టెలోంచి టర్కీ మాంసం పెట్టిన బ్రెడ్డు పొట్లాలు తీసి పంచింది. అందరూ చెక్క బల్లల దగ్గర కూచుని తింటుంటే పొడుగాటి అమ్మాయి ఒకత్తి చేతిలో చిన్న సంచితో డ్వేన్ ముందుకి వచ్చింది. జడ గట్టిగా లాగి కట్టుకుంది, మోచేతుల మీద పాత గీతలున్నాయి.

"సర్, మీ రక్తపోటు చూడనిస్తారా? నేను నర్సింగ్ మూడో ఏడాది. శుక్రవారంలోగా ఇరవైమందిది చూసి రాయాలి. వీళ్ళందరివీ అయిపోయాయి, అందరివీ ఒకేలా ఉంటాయి."

ఆమె పేరు కెజాయా బ్రాంట్. డ్వేన్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ అమ్మాయి పట్టీ చుట్టి, అతని మణికట్టు తన అరచేతిలో పెట్టుకుని, గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఇవాళ సాయంత్రం ఆట ఎలా ఉంటుందనుకుంటున్నావని డ్వేన్ అడిగాడు.

"మాట్లాడకండి సర్. మాట్లాడితే పెరుగుతుంది."

డ్వేన్ నోరు మూసుకున్నాడు. పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి ఇంకొకత్తితో అనడం వినిపించింది. కెజాయాకి రేపు ఆసుపత్రి డ్యూటీ పోతుంది, ఇది మూడోసారి, నాలుగోది పోతే మళ్ళీ ఏడాది మొదట్నుంచీ చెయ్యాలి, వచ్చే వారం మళ్ళీ లూసియానా ఉంది. కెజాయా కూడా వింది. వినీ విననట్టు మీటరు ముల్లు చూస్తూ అంకె రాసుకుంది.

"నూట యాభై ఆరు బై తొంభై నాలుగు. ఎక్కువే సర్. మీ డాక్టరుకి చెప్పండి."

ఆ ఆసుపత్రి సంగతి ఏమిటని డ్వేన్ అడిగాడు. ఆమె పట్టీ చుట్టుకుంటూ మామూలుగానే చెప్పింది. బుధవారాలు ఊరి ఆసుపత్రిలో పనిచెయ్యాలి. ఆటల తేదీలు కాన్ఫరెన్స్ వాళ్ళు పెడతారు. శనివారాలు ఫుట్‌బాల్‌కి, గురువారాలు టీవీకి, మిగిలిన మంగళవారాలు వాలీబాల్‌కి. మంగళవారం సాయంత్రం ఇంతదూరంలో ఆడితే బుధవారం అక్కడ ఉండడం కుదరదు.

"మరి మానెయ్యకూడదా?"

"వాలీబాల్ మానేస్తే ఫీజు మాఫీ పోతుంది, నర్సింగ్ చదవలేను. వాలీబాల్ ఆడితే నర్సింగ్ పూర్తిచెయ్యలేను." ఆమె కొంచెం నవ్వింది. "పరవాలేదు సర్. ఏదో ఒకటి చేస్తాను." తన పొట్లం తీసుకుని స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచుంది.

తర్వాత వ్యాను డ్వేన్ తోలాడు. వంద మైళ్ళు గడిచాయి. ఆ తర్వాత డ్వేన్ అడిగాడు, పాత బ్లాక్‌జాక్ రోజుల్లో వీళ్ళకి అన్నిటికన్నా దూరం ఎంతుండేదని. వెల్డాకి ఆలోచించాల్సిన పని లేకపోయింది. రెండున్నర గంటలు, ఆట అవగానే ఇంటికొచ్చి పడుకునేవాళ్ళు, పొద్దున క్లాసులో ఉండేవాళ్ళు అంది. ఫైలు సంగతి ఎత్తలేదు. డ్వేన్ కూడా ఎత్తలేదు.

ఈస్ట్ సబీన్ యూనివర్సిటీ జిమ్‌లో పదివేల సీట్లున్నాయి. ఆ సాయంత్రం రెండు వందలమంది ఉన్నారేమో. టాల్‌మన్ వైపు ముగ్గురు: డ్వేన్, వెల్డా, టెక్సస్‌లోనే ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి తండ్రి. మైకులో మనిషి టాల్‌మన్‌ని టోల్‌మన్ అని పిలిచాడు. రెండోసారి టిల్‌మన్ అన్నాడు. డ్వేన్ లేచి నిలబడి చేతులు నోటి చుట్టూ పెట్టి, టాల్‌మన్ అని అరిచాడు. ఎవరూ ఇటు తిరిగి చూడలేదు.

అమ్మాయిలు బాగానే ఆడారు. కెజాయా నేలమీద పొడుగ్గా దూకి, వేలికొసలతో రెండు బంతులు లేపింది. అవతలి వాళ్ళు ఒక్కొక్కత్తీ వీళ్ళకన్నా జానెడు పొడుగు. మూడు సెట్లూ ఓడిపోయారు. గంటా పది నిమిషాల్లో అయిపోయింది. పది గంటలు వచ్చింది ఈ గంటా పది నిమిషాలకి.

డ్వేన్ అలవాటు కొద్దీ అవతలివాళ్ళ వెక్కిరింతల కోసం సిద్ధపడి కూచున్నాడు. బ్లాక్‌జాక్‌లో ఉన్నప్పుడు, ఇరవై ఎనిమిది మైళ్ళ అవతలి వైట్‌ఫోర్క్ కాలేజీ వాళ్ళతో ఆటంటే వారం ముందునుంచే తిట్లు మొదలయ్యేవి. టాల్‌మన్ జట్టు గుర్తు హెరన్ పక్షి. ఓడినప్పుడల్లా వైట్‌ఫోర్క్ వాళ్ళు ఒంటికాలి మీద నిలబడి కొంగలా మెడ సాచేవాళ్ళు, నాలుగువందలమంది ఒకేసారి. ఇక్కడ ఎవరూ వెక్కిరించలేదు. జనం కోట్లు తొడుక్కుని, ఫోన్లు చూసుకుంటూ వెళ్ళిపోతున్నారు. డ్వేన్ కంటే పెద్దవాడొకాయన మెట్లు దిగుతూ ఆగి, అతని టోపీ మీది అక్షరాలు చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"మీది ఏ కాలేజీ సర్?"

డ్వేన్ చెప్పాడు. ఆయన, అలాగా, ఎక్కడుంది అది అన్నాడు. మిస్సోరీ అని చెబితే, ఇంతదూరం వచ్చారన్నమాట, జాగ్రత్తగా వెళ్ళండి అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కింద వెల్డా బెంచీ దగ్గర మోకాళ్ళ మీద కూచుని, చెమట తువ్వాళ్ళు ఒక సంచిలోకీ పొడివి ఇంకో సంచిలోకీ వేరుచేస్తోంది. డ్వేన్ దిగి వెళ్ళి రెండో సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆ పని అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

బుధవారం తిరుగు ప్రయాణంలో సగం దూరం అతనే తోలాడు. కెజాయా వెనక సీట్లో ఎముకల బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదుపుతూ చదువుకుంది. మధ్యాహ్నం రెండింటికి గడియారం చూసి, ఇప్పుడు అక్కడ మందుల వేళ అని పక్కమ్మాయితో అంది. సాయంత్రం నాలుగింటికి ఊరు చేరారు. దిగేటప్పుడు కెజాయా అతనికి థాంక్స్ చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మర్చిపోవద్దంది.

ఇంట్లో భార్య లోర్నా చికెన్ సూపు పెట్టి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. దూరం అన్నాడు డ్వేన్. ఆమె ఇంకా ఏమన్నా చెబుతాడేమో అని కాసేపు చూసి, రొట్టె అతని వైపు జరిపింది. తర్వాత అతను వంటింటి బల్ల దగ్గర కూచుని గురువారం చదవాల్సిన ప్రసంగం తీశాడు. రెండు పేజీలు. మొదటి పేజీలో ఒక మాట కొట్టేసి, దాని బదులు ఇంకోటి రాసి, దాన్నీ కొట్టేశాడు. ఊళ్ళో ఇంతమంది తన మాట నమ్మి సంతకాలు పెట్టారు. మెర్విన్ ఒక్క క్షణం ఆలోచించకుండా పెట్టాడు. పద్నాలుగేళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి, మనం ఎక్కాలి, మనం ఎక్కగలం అని చెప్పినవాడు తనే. ఇప్పుడు వాళ్ళందర్నీ అక్కడ నిలబెట్టి తను పక్కకి తప్పుకుంటే ఇంక ఏ మొహం పెట్టుకుని డి బ్లాకులో కూచుంటాడు? కాగితాలు మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు.

గురువారం ఆరింటికి పాత జిమ్ నిండిపోయింది. ఇన్‌గ్రమ్ గారు మధ్యలో చిన్న బల్ల వేయించుకుని కూచున్నారు. ముందు వంటింటి గడియారం ఒకటి. మనిషికి మూడు నిమిషాలు. మైకు మరీ కిందికుంది, ప్రతివాళ్ళూ దానికి నమస్కారం పెడుతున్నట్టు వంగి మాట్లాడుతున్నారు. ఒకాయన, వెనక్కి వెళ్తే తన కాలేజీ టోపీ పెట్టుకోడానికి సిగ్గేస్తుందన్నాడు. కొద్దిగా చప్పట్లు. పాల డైరీ నడిపే ఒకావిడ, తన పిల్లలు ఒక్క బయటూరి ఆటకీ వెళ్ళలేకపోయారని చెప్పింది. కొద్దిగా చప్పట్లు. ఎవరు మాట్లాడినా జనం చప్పట్లు కొట్టేముందు డ్వేన్ వైపు చూస్తున్నారు. అతనికి ఒకవైపు లోర్నా, ఇంకోవైపు మెర్విన్, ఆ పక్కన నడీన్. వెల్డా తలుపు దగ్గర గోడకి చేరబడి నిలబడింది. అంతమంది మధ్య కెజాయా కోసం వెతికాడు. లేదు. రాలేదంటే ఎక్కడో చదువుకుంటూ ఉండి ఉంటుంది.

ఇన్‌గ్రమ్ గారు అతని పేరు పిలిచారు. డ్వేన్ నడిచి వెళ్ళి, మైకుని పైకి ఎత్తి, మర బిగించి, ఫైలు విప్పాడు.

"నా దగ్గర నాలుగువందల పదకొండు సంతకాలున్నాయి," అన్నాడు. "ఇవి ప్రెసిడెంటు గారికి ఇవ్వడానికి వచ్చాను."

అక్కడ ఆగాడు. రాసుకున్న తర్వాతి వాక్యం కళ్ళ ముందే ఉంది. గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"మంగళవారం నేను ఈస్ట్ సబీన్ వెళ్ళాను. మన అమ్మాయిలు ఓడిపోయారు. అది కాదు నేను చెప్పేది. ఆట అయ్యాక అక్కడ ఒక పెద్దమనిషి నన్ను, మీది ఏ కాలేజీ అని అడిగాడు. పద్నాలుగేళ్ళుగా వాళ్ళతో ఆడుతున్నాం. మనల్ని వెక్కిరించడానిక్కూడా వాళ్ళకి మన పేరు తెలీదు."

ఎవరో చిన్నగా దగ్గారు.

"ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను. నర్సవుతుంది, అవనిస్తే. మనం టీవీలో కనబడాలని ఆ పిల్ల ఆసుపత్రి మానుకుని పదేసి గంటలు వ్యానులో తిరుగుతోంది. ఆ పిల్లని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు." ఫైలు మీద చెయ్యి ఆనించాడు. "ఇంకోటి. మొన్న శనివారం ఆట సగంలో నేను టీవీ కట్టేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మనల్ని ఎక్కించింది నేనే, కాదనను. దిగిపోదాం. ఈ సంతకాలు పెట్టినవాళ్ళు నన్ను క్షమించండి. నేనింక చెయ్యలేను."

ఫైలు మూశాడు. ఇన్‌గ్రమ్ గారు గడియారం ఆపడం మర్చిపోయి అతన్నే చూస్తున్నారు. చప్పట్లు లేవు, అరుపులు లేవు. తన వరస దాకా ఉన్న ఇరవై అడుగులూ నడిచేసరికి డ్వేన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎవరి మొహంలోకీ చూడకుండా వచ్చి కూచున్నాడు. లోర్నా అతని మోచెయ్యి పట్టుకుంది.

పక్కన మెర్విన్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పొట్టలోంచి వచ్చిన ఊపిరితో అన్నాడు.

"అమ్మయ్య."

అంత నిశ్శబ్దంలో ఆ మాట జిమ్ అవతలి గోడదాకా వినిపించింది. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పక్కవాళ్ళు నవ్వారు. తర్వాత ఆ నవ్వు వరసల వెంట పైకి పాకింది. ఎగతాళి నవ్వు కాదది. ఇరుకు బూట్లు విప్పినప్పుడు మనిషి మొహంలో కనిపిస్తుందే, అలాంటిది. పై వరసలోంచి ఒకాయన నేను పావు ఆటలోనే కట్టేశానని అరిచాడు. ఇంకొకావిడ, నేనసలు పెట్టనే లేదు అంది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు.

ఆ తర్వాత మైకు దగ్గర పందొమ్మిదిమంది మాట్లాడారు. దిగొద్దన్నవాళ్ళు నలుగురు. టోపీ సిగ్గు పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు. పోతూ డ్వేన్ వైపు ఒక చూపు చూశాడు. అది డ్వేన్‌కి గుచ్చుకుంది, కానీ అనుకున్నంత లోతుగా కాదు.

సభ అయ్యాక కుర్చీలు మడిచే పని డి బ్లాకు వాళ్ళమీద పడింది. డ్వేన్ మడుస్తున్నాడు, మెర్విన్ బండిమీదికి ఎత్తుతున్నాడు, నడీన్ లెక్కగా సర్దుతోంది. బండి సగం నిండింది. డ్వేనే అడిగాడు.

"సోమవారం సంతకం ఎందుకు పెట్టావు, మెర్విన్?"

మెర్విన్ కుర్చీ దించి దానిమీదే కూచున్నాడు. "నువ్వడిగావు కనక. నువ్వు కట్టిన మేడ అది. నీ ఎదురుగా కూచుని దాన్ని ఎలా కూలగొట్టమంటావు?"

"నువ్వూనా?" అని నడీన్ వైపు తిరిగాడు డ్వేన్.

"నీకోసం అని చెప్పానుగా," అంది నడీన్. "మళ్ళీ ఎలా చెప్పాలి?"

"ఎప్పట్నుంచి ఇలా అనుకుంటున్నావు?"

ఆవిడ చేతిలో కుర్చీ గోడకి ఆనించి, నిజంగా గుర్తు చేసుకుని చెప్పింది. "మొదటి ఏడాది నవంబరు నుంచి."

డ్వేన్ లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగు నవంబర్లు. వానలో, మంచులో, ఒకే దుప్పటి ముగ్గురి మోకాళ్ళ మీదా కప్పుకుని, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటూ కూచున్నారు. వచ్చే ఏడాది చూడు, వచ్చే ఏడాది చూడు అని ముగ్గురూ అన్నారు.

"నేను మీకోసమే ఇన్నాళ్ళూ పట్టుకుని ఉన్నాను," అన్నాడు. "మీరంతా అంత సంతోషపడ్డారు కదా అని."

మెర్విన్ అతన్ని చూశాడు. నడీన్ మెర్విన్‌ని చూసింది. ముందు నడీన్ నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. తర్వాత మెర్విన్. డ్వేన్ ఆపుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మడిచిన కుర్చీల బండి అంచుమీద కూలబడ్డాడు. తలుపు దగ్గర దీపాలార్పడానికి నిలబడ్డ వెల్డా, ఈ ముసలివాళ్ళకి ఏమైందో అని లోర్నాతో అని, తనూ నవ్వింది. నవ్వి, రేపు పొద్దున ఈ నేల తుడవాలి, బూట్లతో తిరగొద్దని కేకేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బోర్డు ఓట్లేసింది. వెనక్కి వెళ్ళడానికి ఏడు, ఉండిపోవడానికి రెండు. వచ్చే ఆగస్టు నుంచి అమలు. ఈ సీజను మిగిలిన ఆటలు ఒప్పుకున్నట్టే ఆడాలి. కాకపోతే లూసియానా వాలీబాల్ ఆట మంగళవారం నుంచి శనివారం పొద్దుటికి మార్చమని ఇన్‌గ్రమ్ గారే ఫోన్ చేసి అడిగారట, అవతలివాళ్ళు సరేనన్నారట. వెల్డా ఈ సంగతంతా కెజాయా నోటంట విని, వెంటనే డ్వేన్ ఇంటికి ఫోన్ చేసింది.

వంటింట్లో ఉన్న రెండో ఫోన్ లోర్నా ఎత్తింది. ముందు గదిలోకి తొంగి చూసింది. డ్వేన్ బోర్డు కబురు కోసం ఫోన్ పక్కనే కూచుంటానని భోజనం కాగానే సోఫా దగ్గరికి వచ్చినవాడు. బూట్లు కూడా విప్పకుండా, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి గాఢంగా నిద్రపోతున్నాడు. ఫోన్ అతని తలకి మూరెడు దూరంలో మోగినా కదల్లేదు.

"పడుకున్నాడు," అంది లోర్నా గొంతు తగ్గించి. "లేచాక చెబుతాను. ఇప్పుడు లేపను."

లేపొద్దులే అంది వెల్డా.